క్లిప్పులు తీశాక తెల్ల మచ్చలు మిగలకూడదంటే: ఎనామిల్‌ను మొదటి రోజు నుంచీ కాపాడుకునే పద్ధతి

పళ్ళకు క్లిప్పులు వేయించుకుందామని వచ్చేవాళ్ళు అడిగేవి రెండే. ఎంతవుతుంది, ఎన్నాళ్ళు పడుతుంది. క్లిప్పులు తీసిన రోజు పన్ను పైపొర, అంటే ఎనామిల్, ఎట్లా ఉంటుందని అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో నాకు పెద్దగా తగల్లేదు. వాళ్ళను అనడానికేం లేదు, అనంతపురంలో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నేనూ దాని గురించి మాట్లాడేదాన్ని కాదు, "బాగా తోముకో నాయనా" అని ఒక మాట అనేసి వైరు మార్చి పంపించేదాన్ని.

అట్లా పంపించిన వాళ్ళలో ఒక పిల్లాడు ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. ఏడాదిన్నర తర్వాత బ్రాకెట్లు, అంటే వైరును పట్టి ఉంచడానికి ఒక్కో పన్నుకూ అంటించే చిన్న ముక్కలు, తీశాను. వరస బ్రహ్మాండంగా వచ్చింది. కానీ ప్రతి పన్ను మీదా బ్రాకెట్ అంటించిన చోటు నున్నగా మెరుస్తోంది, దాని చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చట్రం. గోడకు ఏళ్ళ తరబడి వేలాడిన క్యాలెండర్ తీస్తే వెనకాల సున్నం కొత్తగా కనబడుతుంది చూడండి, అచ్చం అట్లా. వాళ్ళమ్మ అద్దం దగ్గరికి పెట్టి చూసి, "మేడం, ఇవి కడిగితే పోతాయా?" అంది. పోవు. నెలనెలా నా కుర్చీలో కూర్చున్నాడు, గాలి కొట్టి పన్ను ఆరబెట్టి ఒక్కసారి చూసి ఉంటే రెండో నెలలోనే పట్టుకునేదాన్ని. ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చుకున్నాను, కింద రాసేది అదే.

మచ్చ ఎట్లా పడుతుంది

ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే, అదీ ప్రధానంగా కాల్షియం, ఫాస్ఫేట్. ఎముకలో ఉన్నట్టు దాంట్లో జీవకణాలు ఉండవు, కాబట్టి విరిగితే అతుక్కోవడం, అరిగితే పెరగడం ఉండదు. పన్ను మీది పాచిలో ఉండే బ్యాక్టీరియా మనం తిన్న తీపిని తిని ఆమ్లం వదులుతుంది. అక్కడ పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కిందికి పడిందంటే ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి పోవడం మొదలవుతుంది. ఆ తర్వాత అరగంట, గంట లోపు ఉమ్మి ఆ ఆమ్లాన్ని విరిచేసి, పోయిన ఖనిజంలో కొంత తిరిగి పెడుతుంది. రోజంతా నోట్లో ఈ జమాఖర్చు నడుస్తూనే ఉంటుంది. క్లిప్పులు లేనప్పుడు లెక్క మామూలుగా సరిపోతుంది. బ్రాకెట్ అంటించాక దాని అంచుల్లో, వైరు కింద, చిగురుకూ బ్రాకెట్‌కూ మధ్య ఉన్న ఆ సన్నటి సందులో పాచి గూడు కట్టుకుంటుంది, ఉమ్మి అక్కడికి సరిగ్గా చేరదు, ఖర్చు ఎక్కువై జమ తగ్గుతుంది.

భయపెట్టాలని కాదు గానీ, సరిగ్గా తోమకపోతే మొదటి తెల్ల మచ్చ నాలుగు వారాల్లోనే కనబడొచ్చు, అంటే మీరు రెండోసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళేలోపే. అయితే ఆ దశలో పైపొర ఇంకా చెక్కుచెదరదు, లోపల మాత్రం గుల్లబారి ఉంటుంది. గుంట పడనంత వరకూ ఖనిజాన్ని తిరిగి లోపలికి పంపే అవకాశం ఉంది. బయోయాక్టివ్ మెటీరియల్స్ అని ఇప్పుడు వినబడుతున్నవన్నీ చేసే పని ఇదే: నోట్లో ఊరికే కూర్చోకుండా కాల్షియం, ఫాస్ఫేట్, ఫ్లోరైడ్‌లలో ఏదో ఒకటి వదులుతూ జమ వైపు బరువు పెంచడం.

ముందు ఫ్లోరైడ్ భయం సంగతి తేల్చుకుందాం

మన జిల్లాల్లో ఇది తేలకుండా ముందుకు పోలేం. "ఫ్లోరైడ్ వద్దనే కదా మేడం మేం క్యాన్ నీళ్ళు కొని తాగేది, మళ్ళా పేస్టులో ఎందుకు?" అని ఒక పెద్దావిడ నన్ను నిలదీసింది. న్యాయమైన ప్రశ్న. అనంతపురం బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఎన్నో పల్లెల్లో గోధుమరంగు చారల పళ్ళే సాక్ష్యం. తాగేనీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిదనీ, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 వరకూ పర్వాలేదనీ మన దేశపు ప్రమాణం.

కానీ ఆ చారలు పడేది పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడు, నీళ్ళతో కడుపులోకి పోయిన ఫ్లోరైడ్ వల్ల. ముందు పళ్ళ ఎనామిల్ ఎనిమిదేళ్ళ లోపే తయారైపోతుంది. పన్నెండేళ్ళు దాటి క్లిప్పులు వేయించుకునే పిల్లలకు పేస్టు వల్ల ముందు పళ్ళ మీద కొత్తగా ఆ చారలు రావు. పేస్టులోది పైనుంచి పన్నుకు తగిలి, కాల్షియం తిరిగి పట్టుకునేలా సాయం చేసి, ఉమ్మితో బయటికి పోతుంది. మింగకూడదు, అంతే. ఇంట్లో పేస్టు మింగే వయసు పిల్లలుంటే వాళ్ళకు బియ్యపు గింజంత, మూడేళ్ళు దాటాక బఠాణీ గింజంత పెట్టి దగ్గర నిలబడి ఉమ్మించండి. క్లిప్పులున్న పిల్లకు మాత్రం ఫ్లోరైడ్ లేని పేస్టు తెచ్చివ్వకండి. మన దేశంలో దుకాణంలో అమ్మే పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి) మించకూడదు, ఆ అంకె ట్యూబు మీద వేయాలని నిబంధన కూడా ఉంది. కొనేముందు తిప్పి చూడండి. వెయ్యికి దగ్గరగా ఉన్నదే కావాలి.

క్లిప్పులు వేయకముందే చేయాల్సినవి

ఫొటోలు. ఇది మన ప్రాంతంలో మరీ ముఖ్యం. ఫ్లోరైడ్ వల్ల ముందే ఉన్న మచ్చలకూ, క్లిప్పుల వల్ల వచ్చే మచ్చలకూ తర్వాత గొడవ వస్తుంది. ఫ్లోరైడ్ మచ్చలు ఎడమా కుడీ ఒకే తీరుగా, పన్ను అంతా అడ్డంగా పాకిన మబ్బు చారల్లా ఉంటాయి. పాచి వల్ల పడినది చిగురు అంచున నెలవంకలా, బ్రాకెట్ చుట్టూ, పొడిబారిన సుద్దలా ఉంటుంది. పగటి వెలుతురులో పెదవి పైకి లాగి మీ ఫోన్‌లోనే నాలుగు ఫొటోలు తీసి దాచుకోండి.

గార తీయించి, పిప్పి పళ్ళుంటే పూడిపించి, చిగుళ్ళు తగ్గాకే క్లిప్పులు. తోముతుంటే రక్తం వచ్చే నోట్లో బ్రాకెట్లు అంటించడమంటే పాచికి అద్దె ఇల్లు కట్టించినట్టే. ఒక నెల ఆలస్యమైనా ఆగండి. పెళ్ళి ముహూర్తం దగ్గర పడిందని తొందరపెట్టేవాళ్ళకు కూడా నేను ఇదే చెప్తాను, వినేవాళ్ళు తక్కువే.

అంటించే రోజు డాక్టర్‌ను ఏం అడగాలి

బ్రాకెట్ అంటించాలంటే ముందు 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లపు జెల్‌ను పదిహేను నుంచి ముప్పై సెకన్లు పన్ను మీద పెట్టి కడిగి, గరుకు చేసి, దాని మీద రెజిన్ (లైటు కొడితే గట్టిపడే జిగురు) వేస్తారు. 1955లో బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు చూపించిన దారి ఇది, ఇప్పటికీ నడుస్తున్నది అదే. దీంట్లో రెండు చిన్న విషయాలు పెద్ద తేడా చేస్తాయి. ఒకటి, జెల్‌ను బ్రాకెట్ కూర్చునే మేరకే పెట్టడం. రెండోది, బ్రాకెట్ నొక్కినప్పుడు అంచుల్లోంచి పొంగిన రెజిన్‌ను లైటు కొట్టకముందే శుభ్రంగా తీసేయడం. ఆ మిగిలిన అంచు గరుకుగా ఉండి, పాచి మొదట పట్టుకునేది అక్కడే. నాలుకతో తడిమితే మీకే తెలుస్తుంది.

అంటించే మందులోనే బయోయాక్టివ్ రకాలున్నాయి. పాతది, నమ్మకమైనది గ్లాస్ అయోనమర్. 1970ల మొదట్లో ఇంగ్లండ్‌లో విల్సన్, కెంట్ అనే ఇద్దరు బయటికి తెచ్చిన సిమెంటు. దీనికి రెజిన్ కలిపిన రకంతో బ్రాకెట్లు అంటించొచ్చు. దవడ పళ్ళకు బ్యాండ్లు (పన్ను చుట్టూ తొడిగే స్టీలు పట్టీలు) వేస్తే చాలామంది వాడేది గ్లాస్ అయోనమర్‌నే. ఇది ఫ్లోరైడ్ వదులుతుంది, మొదటి కొన్ని రోజులు ఎక్కువగా, తర్వాత బాగా తగ్గి సన్నగా. మంచి గుణం ఏమిటంటే మీరు ఫ్లోరైడ్ పేస్టుతో తోమిన ప్రతిసారీ కొంత తిరిగి నింపుకుంటుంది. ఫోన్ చార్జింగ్ లాగా అనుకోండి, మీరు తోమకపోతే ఖాళీ బ్యాటరీయే. లోపం కూడా చెప్పాలి: మామూలు రెజిన్ కంటే పట్టు కాస్త తక్కువ, బ్రాకెట్లు ఎక్కువసార్లు ఊడొచ్చు. జయోమర్ అని ఇంకో రకం ఉంది, దాని పొడిలోంచి ఫ్లోరైడ్‌తో పాటు స్ట్రాన్షియం, బోరేట్ లాంటి ఆరు రకాల అయాన్లు వస్తాయి. బయోయాక్టివ్ గ్లాస్ పొడి కలిపిన రెజిన్ల మీద కూడా పరిశోధన బాగానే నడుస్తోంది.

నా అభిప్రాయం అడిగితే, ఎనామిల్ గట్టిగా ఉండి బాగా తోముకునే పిల్లకు మామూలు రెజిన్ చాలు. తోమడంలో బద్ధకం, హాస్టల్, తీపి అలవాటు, ముందే ఒకటి రెండు పిప్పి పళ్ళు, వీటిలో రెండు ఉన్నా ఫ్లోరైడ్ వదిలే రకం గురించి అడగండి. ఫ్లోరైడ్ చారలు ఎక్కువగా ఉన్న పళ్ళకు మందు పట్టడమే కష్టం, అక్కడ ఏది వాడాలో పన్ను చూసిన డాక్టరే చెప్పాలి. ఖర్చు భారమనుకుంటే కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, అక్కడ కూడా ఈ ప్రశ్నలన్నీ అడగొచ్చు, మొహమాటం అక్కర్లేదు.

ఇంకో చిన్న సంగతి. వైరును బ్రాకెట్‌కు కట్టే రంగురంగుల రబ్బరు రింగులంటే పిల్లలకు మోజు. స్టీలు తీగతో కట్టినదాని కంటే వాటి చుట్టూ పాచి ఎక్కువ పడుతుంది. మచ్చలు మొదలైన పిల్లకు నేను రంగులు ఆపేసి తీగే కడతాను, ఏడ్చినా సరే.

ఇంట్లో రోజూ

అద్దం ముందు నిలబడి తోమాలి, ఫోన్ చూస్తూ వరండాలో తిరుగుతూ కాదు. బ్రష్‌ను చిగురు, బ్రాకెట్ మధ్య వంచి పెట్టి పైవరస, తర్వాత బ్రాకెట్ కింద వరస, చివరికి బ్రాకెట్ మీద. ఈ మొదటి వరసే అందరూ వదిలేసేది, మచ్చ పడేదీ అక్కడే, ముఖ్యంగా పైన ముందు రెండు పళ్ళకు పక్కన ఉండే వాటి మీద. తర్వాత సన్నటి సీసాబ్రష్ లాంటిది, ఇంటర్‌డెంటల్ బ్రష్ అంటారు, దాన్ని వైరు కిందికి పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి దూర్చాలి. రాత్రి పూట ఇదంతా కనీసం ఐదు నిమిషాల పని.

తోమాక నురగ ఉమ్మేయండి, నీళ్ళతో పుక్కిలించకండి. చెంబుడు నీళ్ళు పోసి గలగలా పుక్కిలిస్తే తప్ప నోరు శుభ్రమైనట్టు అనిపించని ఇళ్ళు మనవి, నాకూ మొదట్లో అదోలా ఉండేది. కానీ అట్లా చేస్తే పెట్టిన ఫ్లోరైడంతా వాష్ బేసిన్ పాలే. వేపపుల్ల బ్రాకెట్ వెనక్కి పోదు, వైరును వంచుతుంది. ఉప్పు, బొగ్గుపొడి ఎనామిల్‌ను గీస్తాయి. క్లిప్పులున్నన్నాళ్ళూ వాటిని పక్కన పెట్టండి.

బయోయాక్టివ్ పేస్టులు, క్రీములు: ఏది, ఎట్లా

బజార్లో దొరికే వాటిలో ప్రధానంగా మూడు రకాలు, ట్యూబు మీద పేరు కంటే వెనక పదార్థాల జాబితా ముఖ్యం.

మొదటిది సీపీపీ-ఏసీపీ, పాలలోని కేసీన్ ప్రొటీన్ ముక్కలతో కాల్షియం ఫాస్ఫేట్‌ను గడ్డకట్టకుండా పట్టి ఉంచే పద్ధతి, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ రేనాల్డ్స్ బృందం తయారుచేసింది. జీసీ టూత్ మూస్ పేరుతో దొరుకుతుంది, ఫ్లోరైడ్ 900 పీపీఎం కలిపిన ప్లస్ రకం కూడా ఉంది. దీన్ని బ్రష్ చేసే పేస్టు అనుకొని వాడేసేవాళ్ళే ఎక్కువ, కాదు. రాత్రి మామూలు పేస్టుతో తోముకున్నాక, బఠాణీ గింజంత వేలి మీద తీసుకుని బ్రాకెట్ల చుట్టూ, చిగురు అంచున రుద్దండి. మూడు నిమిషాలు అట్లా వదిలేసి, ఆ తర్వాత నాలుకతో నోరంతా పూసుకుని ఇంకో రెండు నిమిషాలు ఉంచి, మిగిలింది ఉమ్మేయండి. పుక్కిలించొద్దు, అరగంట నీళ్ళు కూడా వద్దు, పడుకునేముందు చేస్తే ఆ బాధే లేదు. పాల ప్రొటీన్ అలర్జీ ఉన్నవాళ్ళు మాత్రం దీన్ని ముట్టకూడదు. పాలు తాగితే కడుపు ఉబ్బరం వచ్చేవాళ్ళ సంగతి వేరు, అది లాక్టోజ్ వల్ల, ఈ అలర్జీ కాదు, కానీ అనుమానముంటే అడిగి వాడండి.

రెండోది బయోయాక్టివ్ గ్లాస్. 1969లో అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ తయారుచేసిన గాజు ఇది, 45ఎస్5 అంటారు, మొదట ఎముకకు అతుక్కునే పదార్థం కోసం వెతుకుతుంటే వచ్చింది. దాన్నే సన్నటి పొడి చేసి పేస్టులో కలిపితే నోవామిన్. జాబితాలో కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ అని రాసి ఉంటుంది. ఉమ్మి తగలగానే సోడియం బయటికి వచ్చి అక్కడి పీహెచ్ పెరుగుతుంది, కాల్షియం, ఫాస్ఫేట్ విడుదలై పన్ను ఖనిజం లాంటి పొరగా కూర్చుంటాయి. చల్లటివి తగిలితే జివ్వుమనేవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది. మెలిక ఏమిటంటే నోవామిన్ పేస్టుల్లో కొన్నిటికి ఫ్లోరైడ్ ఉంటుంది, కొన్నిటికి ఉండదు. లేనిదైతే రాత్రికి ఫ్లోరైడ్ పేస్టు, పొద్దున ఇది అని పంచుకోండి.

మూడోది నానో హైడ్రాక్సీఅపటైట్, పన్నులో ఉండే ఖనిజాన్నే అతి సన్నటి కణాలుగా చేసి పేస్టులో పెట్టినది. జపాన్‌లో 1980 నుంచే వాడుకలో ఉంది.

ఇవన్నీ రాశాక నిజం ఒకటి చెప్పాలి. అన్నిటికంటే గట్టి రుజువులున్నది ఇప్పటికీ ఫ్లోరైడ్‌కే. మిగతావి దానికి తోడుగా మేలు చేస్తాయని కొన్ని అధ్యయనాలు, పెద్ద తేడా లేదని కొన్ని చెప్తాయి. అందుకని క్రీము ట్యూబు చేతిలో ఉందని తోమడం తగ్గిస్తే డబ్బూ పన్నూ రెండూ పోతాయి. పాచి మీద పూసిన మందు పాచికే అందుతుంది. నెలకు ఒక ట్యూబు కొనే స్తోమత లేకపోతే దిగులు పడొద్దు, ఫ్లోరైడ్ పేస్టు, చిన్న బ్రష్, నాలుగు నెలలకో వార్నిష్ పూతతో చక్కగా బయటపడినవాళ్ళే నా దగ్గర ఎక్కువ.

వార్నిష్ అంటే 5 శాతం సోడియం ఫ్లోరైడ్, దాదాపు 22,600 పీపీఎం. అంకె చూసి గుండె గుభేలుమనిపించుకోకండి, పూసేది చుక్కల్లో. క్లినిక్‌లో వైరు మార్చేటప్పుడు పాత వైరు తీసిన ఆ ఐదు నిమిషాలే దీనికి మంచి సమయం, బ్రాకెట్ల చుట్టూ ఖాళీ దొరుకుతుంది. మూడు నాలుగు నెలలకోసారి, మచ్చలు మొదలైనవాళ్ళకు ప్రతి ఆరు వారాలకు. పూశాక కొన్ని గంటలు వేడివి, గట్టివి వద్దు, ఆ రాత్రి తోమొద్దు. పళ్ళు ఒకరోజు పసుపు పూసినట్టుంటాయి, మరుసటి రోజు ఫొటోలు దిగాల్సిన పెళ్ళి ఉంటే ముందే చెప్పండి.

తిండి దగ్గర

ఎంత తీపి తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. ఎండాకాలంలో నన్నారి షర్బత్ ఉదాహరణ తీసుకోండి. పాకం, నిమ్మకాయ, సోడా: తీపీ ఆమ్లమూ ఒకే గ్లాసులో. గటగటా తాగేస్తే నోరు గంటలో కోలుకుంటుంది. అదే సీసాలో పోసుకుని ట్యూషన్‌లో రెండు గంటలు గుక్కా గుక్కా తాగితే పీహెచ్ పైకి లేచే అవకాశమే ఉండదు. చీనీకాయ రసం, ఆరెంజ్ కూల్‌డ్రింక్ కూడా అంతే. భోజనంతో పాటు తాగి, తర్వాత నీళ్ళు పుక్కిలించి, తోమడానికి అరగంట ఆగండి, ఆమ్లంతో మెత్తబడిన ఎనామిల్‌ను వెంటనే రుద్దకూడదు.

ఉగ్గాని మెత్తగా ఉంటుందని ఫర్వాలేదనుకుంటాం, కానీ నానిన బొరుగులు వైరు కింద అతుక్కుని సాయంత్రం దాకా ఉంటాయి. తినొచ్చు, తిన్నాక అద్దం చూసుకోండి. చెనిక్కాయ ఉండలు మాత్రం పూర్తిగా మానేయాలి, బ్రాకెట్ ఊడుతుంది, పాకం అతుక్కుంటుంది. జొన్నరొట్టె పప్పులో నానబెట్టుకోండి, సంగటికి ఏ అభ్యంతరమూ లేదు.

నెలనెలా చూసుకోవడం

తడి పన్ను మీద కొత్త మచ్చ కనబడదు, ఆరితేనే బయటపడుతుంది. పదిహేను రోజులకోసారి తోముకున్నాక పెదవి పైకెత్తి, దూది లేదా శుభ్రమైన గుడ్డతో పన్ను తుడిచి, అరనిమిషం నోరు తెరిచి ఉంచి, కిటికీ వెలుతురులో చిగురు అంచున చూడండి. సుద్దలా తెల్లటి గీత కనబడిందా, ఫొటో తీసి తేదీ రాసుకుని డాక్టర్‌కు చూపించండి. మచ్చలు పెరుగుతూనే ఉంటే క్లిప్పులు ముందే తీసేయడం కూడా ఒక దారి, వరస కాస్త తక్కువ వచ్చినా పన్ను దక్కుతుంది. ఇది తల్లిదండ్రులకు మింగుడుపడదు, కానీ మొండిగా తోమని పిల్లాడికి నేను రెండుసార్లు ఆ పని చేశాను.

తీసేశాక

బ్రాకెట్లు తీసి, మిగిలిన రెజిన్‌ను నెమ్మదిగా గీకి పాలిష్ చేస్తారు. అప్పుడు మచ్చలు కనబడితే ఆ వారమే ఎక్కువ మోతాదు ఫ్లోరైడ్ పూయించుకోకండి. పైపొర ముందే గట్టిపడి, లోపలి గుల్ల అట్లాగే మూసుకుపోయి మచ్చ నిలిచిపోవచ్చు. మామూలు పేస్టుతో తోముతూ, రాత్రిపూట సీపీపీ-ఏసీపీ క్రీము పెట్టుకుంటూ మూడు నుంచి ఆరు నెలలు ఆగండి. ఉమ్మి తన పని తాను చేస్తుంది, చాలా మచ్చలు వాటంతటవే మసకబారతాయి. అప్పటికీ ఎబ్బెట్టుగా ఉంటే ఐకాన్ అనే రెజిన్ పద్ధతి ఉంది, 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పైపొర తెరిచి, గుల్లలోకి నీళ్ళలాంటి రెజిన్ ఇంకిస్తారు, మచ్చ చుట్టుపక్కల రంగులో కలిసిపోతుంది. పన్ను తొలచి క్యాప్ వేద్దామని ఎవరైనా మొదటి మాటగానే అంటే ఇంకొకరి దగ్గర కూడా అడగండి.

సరిచేసిన వరస మళ్ళీ కదలకుండా పెట్టుకునే రిటైనర్ ఇస్తారు కదా, అది పెట్టుకుని షర్బత్ తాగకండి. ప్లాస్టిక్ కింద చేరిన తీపి అక్కడే నిలబడిపోతుంది, ఉమ్మి దాన్ని కడగలేదు. తీసి డబ్బాలో పెట్టి తాగండి. హోటల్లో టిష్యూ పేపర్లో చుట్టి బల్ల మీద పెడితే ప్లేట్లతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది, వారానికి ఒకరైనా ఆ కబురుతోనే ఫోన్ చేస్తారు.